తాళము ఎవరిది?

మా కేంద్రమున చిరకాలము పనిచేసి పదవీ విరమణ పొందిన సంగీత విద్వాంసులొకరు గత సంవత్సరము స్వర్గస్థులైరి. జీవితపు చివరి దినములలో వారు తాము పాడిన కీర్తనలను, శిష్యులకు చెప్పిన పాఠములను కంప్యూటరులో చేర్చి, ఆ ఫైళ్ళనన్నిటిని ఒకే మూటగా కట్టి, దానికి పాస్‌వర్డు పెట్టిరి. ఆ పాస్‌వర్డు వారితోనే పోయినది. కొంత కాలమునకు వారి భార్య మా వద్దకు వచ్చి, "ఆయన గొంతు ఇంట్లోనే ఉంది బాబూ, వినే దారి లేదు" అనిరి.

ఆమె అక్కగారి కుమారుడు ఇంజనీరింగు విద్యార్థి. ఆటలాడుకొనుటకై కొనిన శక్తిమంతమైన కంప్యూటరొకటి అతని గదిలో కలదు. "పిన్నీ, నా గేమింగ్ కంప్యూటరుతో ప్రయత్నిస్తాను. కాని తాళం పగలగొట్టడం నేరం కాదు కదా?" అని అతడు సందేహించెను. ఆ సందేహము మాకు నచ్చినది. ఏలన, చేతిలో సాధనమున్న యువకులు చాలమంది మొదటి వాక్యముతో ఆగిపోవుదురు. రెండవ వాక్యము వారికి తోచదు. ఆటల యంత్రము తాళముల నెట్లు తీయును, చట్టము దానిని ఎప్పుడు ఒప్పును, ఎప్పుడు ఒప్పదు అను రెండు విషయములను నేడు మనము విచారింతము.

మొదట యంత్రమును గురించి. కంప్యూటరునకు మెదడు వంటి ప్రాసెసరును మన అష్టావధానితో పోల్చవచ్చును. ఒకరు సమస్య నిచ్చుచు, ఒకరు దత్తపది నిచ్చుచు, ఒకరు అక్షరములను నిషేధించుచుండగా, అవధాని ఒక్కడే వేర్వేరు స్వభావములు గల పనులను మార్చి మార్చి నిర్వహించును. ప్రాసెసరు చేయు పనియు అట్టిదే. కాని ఆటలలో తెరమీద కదలు బొమ్మ వేరొక విధమైన శ్రమను కోరును. తెరపై లక్షలకొలది చుక్కలుండును. కదలిక సాఫీగా కనిపించుటకు ప్రతి చుక్కకును సెకనుకు అనేక పర్యాయములు రంగు లెక్కగట్టవలెను. లెక్క చిన్నదే, కాని అన్నియు ఒకే తీరువి, సంఖ్యలో అపారములు. దీనికి అవధాని అక్కరలేదు. వరినాట్లు వేయు కూలీల ముఠా కావలెను. మడిలో వరుసగా నిలిచి, అందరును ఒకేమారు వంగి, ఒకే విధముగా నారు నాటుచు పోవు స్త్రీలవలె పనిచేయు చిన్న చిన్న గణన యంత్రముల సముదాయమే గ్రాఫిక్స్ కార్డు. 2022 అక్టోబరులో ఎన్‌విడియా సంస్థ విడుదల చేసిన ఆర్‌టీఎక్స్ 4090 అను కార్డులో అట్టివి 16,384 కలవు.

ఇట్టి కార్డులచే బొమ్మలనే గాక ఇతర గణితమును కూడ సులభముగా చేయించు సాధనమును ఆ సంస్థయే 2007లో వెలువరించెను. నాటినుండి వాతావరణ గణన, వైద్య పరిశోధన, కృత్రిమ మేధ ఆ మడిలో దిగినవి. వానితోపాటు పాస్‌వర్డులను ఊహించు పనియు దిగినది.

ఊహించుట ఏల అవసరమగును? బాధ్యత తెలిసిన సంస్థ ఏదియు మన పాస్‌వర్డును ఉన్నదున్నట్లుగా వ్రాసి పెట్టుకొనదు. గింజలను తిరగలిలో పోసి విసరినట్లు, దానినొక గణిత ప్రక్రియలో వేసి విసరి, వచ్చిన పిండిని మాత్రము దాచుకొనును. ఆ పిండికి హాష్ అని పేరు. పిండినుండి గింజను మరల చేయుట సాధ్యము కాదు. మరునాడు మనము పాస్‌వర్డు టైపు చేయగా, దానిని మరల విసరి, కొత్త పిండియు పాత పిండియు ఒకటేనా అని చూతురు. దొంగ చేజిక్కించుకొనునది ఈ పిండినే. అందుచేత అతనికి మిగిలిన మార్గమొక్కటే: తోచిన గింజనెల్ల విసరి, ఏది ఆ పిండి నిచ్చునో చూచుట.

ఇచ్చట శ్రోతలు ఒక భేదమును గమనింపవలెను. ఏటీఎం కార్డునకు నాలుగంకెల పిన్ మాత్రమే ఉండును. పదివేల ప్రయత్నములలో ఎవరైనను దానిని కనుగొనవచ్చును. అయినను అది మనలను కాపాడుచున్నది. కొన్ని తప్పులు జరుగగానే యంత్రము ఆ కార్డును నిలిపివేయును. అనగా గుమ్మమువద్ద కావలివాడున్నాడు. హాష్‌ల పట్టికయే దొంగిలింపబడినపుడు దొంగ తన యింట కూర్చుండి విసరుకొనును. అచ్చట కావలివాడు లేడు, లెక్కకు పరిమితి లేదు. గ్రాఫిక్స్ కార్డు బలము పనికివచ్చునది ఇట్టి చోటనే.

ఆ బలమెంతయో కొన్ని అంకెలు చెప్పుదుము. విండోస్ కంప్యూటర్లలో వాడుకనున్న ఎన్‌టీఎల్ఎమ్ అను పాత పద్ధతి హాష్‌లను పైన చెప్పిన కార్డు ఒక్కటే సెకనుకు సుమారు 28,000 కోట్లు విసరగలదు. చిన్నబడి ఆంగ్లాక్షరములు ఎనిమిదింటితో చేయదగిన పాస్‌వర్డులు సుమారు 20,900 కోట్లు. అనగా ఒక సెకను చాలును. పెద్దక్షరములు, అంకెలు, గుర్తులు అన్నియు కలిపి ఎనిమిది స్థానములలో అమర్చినను ఆరేడు గంటలు చాలును. తన పదంకెల మొబైలు నంబరును పాస్‌వర్డుగా పెట్టుకొనినవాని గతి చెప్పనక్కరలేదు. అది రెప్పపాటునకు కూడ ఆగదు.

అట్లని నిరాశ పడనక్కరలేదు. తిరగలి బరువైనకొలది విసరుట కష్టము. 1979లో రాబర్ట్ మోరిస్, కెన్ థాంప్సన్ అను అమెరికా శాస్త్రజ్ఞులు యూనిక్స్ వ్యవస్థకై ప్రచురించిన వ్యాసమున రెండు ఉపాయములను వివరించిరి. మొదటిది, తిరగలిని బుద్ధిపూర్వకముగా మందగింపజేయుట. రెండవది, ప్రతి పాస్‌వర్డునకును వేర్వేరు అదనపు సంఖ్యను కలిపి విసరుట. ఈ అదనపు సంఖ్యకు ఆంగ్లమున పెట్టిన పేరునకు తెలుగున ఉప్పు అనియే అర్థము. ఇద్దరు ఒకే పాస్‌వర్డు పెట్టుకొనినను, ఉప్పు వేరగుటచే పిండి వేరగును. ఒకరిది కనుగొనినంతనే ఇంకొకరిది తెలియదు. 1999లో వచ్చిన బీక్రిప్ట్ అను పద్ధతి ఈ దారినే ఇంకను ముందుకు పోయినది. అందు తిరగలి బరువును కాలమునుబట్టి పెంచుకొనవచ్చును. సాధారణ పరీక్షలలో వాడు తక్కువ బరువుతోనే అదే కార్డు సెకనుకు రెండు లక్షలకు లోపుగనే విసరగలదు. 28,000 కోట్లెక్కడ, రెండు లక్షలెక్కడ! ఆరేడు గంటల పని వేయి సంవత్సరములు దాటును.

ఈ ఉప్పు వేయని వంట ఎట్లుండునో 2012లో లోకమునకు తెలిసినది. ఉద్యోగ పరిచయములకై నడుపబడు లింక్డ్‌ఇన్ సంస్థనుండి దొంగిలింపబడిన సుమారు 65 లక్షల హాష్‌లు ఆ సంవత్సరము బయటపడెను. అవి ఉప్పు కలుపనివి, త్వరగా విసరదగినవి. ఆనాడు పోయినది అంతకంటె చాల అధికమనియు, సుమారు 11.7 కోట్లమంది పాస్‌వర్డులనియు 2016లో వెల్లడియైనది.

ఆ 2012లోనే ఓస్లో నగరమున పాస్‌వర్డులను గురించి జరిగిన సదస్సులో జెరెమీ గాస్నీ అను నిపుణుడు 25 గ్రాఫిక్స్ చిప్పులను కూర్చిన యంత్రమును ప్రదర్శించెను. అది ఎన్‌టీఎల్ఎమ్ హాష్‌లను సెకనుకు 35,000 కోట్లు విసరినది. అది బహిరంగ సభ. ఆయనను ఎవరును నిర్బంధింపలేదు. పైగా సంస్థలు తమ పద్ధతులెంత బలహీనములో తెలిసికొనెను. అంతకు పూర్వము 2008 డిసెంబరులో, పిల్లలాడుకొను ప్లేస్టేషన్ 3 పెట్టెలను సుమారు 200 జతపరచి, స్విట్జర్లాండు దేశపు లోసాన్ పట్టణములోని సాంకేతిక విద్యాలయమున అంతర్జాతీయ పరిశోధక బృందమొకటి ఎమ్‌డీ5 అను పాత హాష్ పద్ధతిలోని లోపమును నిరూపించి, నకిలీ ధ్రువపత్రమును సృష్టింపవచ్చునని బెర్లిన్ సభలో చూపినది. బ్యాంకు మొదలగువాని వెబ్‌సైట్లు నిజమైనవని చాటు ధ్రువపత్రముల విషయమది. ఆ బృందము తాము చేసిన నకిలీ దురుపయోగము కాకుండ దాని గడువు తేదీని గతించిన కాలమునకు పెట్టెను. ఆటబొమ్మలే లోకమును హెచ్చరించిన సందర్భమది.

కావున యంత్రము దోషి కాదు, విసరుటయు దోషము కాదు. మరి దోషమెచ్చట మొదలగును?

మన దేశమున దీనికి ఆధారము 2000 సంవత్సరపు సమాచార సాంకేతిక చట్టము. గ్రాఫిక్స్ కార్డు కొనరాదనిగాని, హాష్‌లను లెక్కింపరాదనిగాని ఆ చట్టమున లేదు. దాని 43వ సెక్షను వేరొక ప్రశ్న వేయును: యజమాని అనుమతి, లేక ఆ కంప్యూటరు బాధ్యత వహించువారి అనుమతి కలదా? అనుమతి లేక ఇతరుల కంప్యూటరులోనికి ప్రవేశించినను, అందలి సమాచారమునకు నకలు తీసినను, మరియొకడు అట్లు ప్రవేశించుటకు తోడ్పడినను నష్టపరిహారము చెల్లింపవలసి వచ్చును. అదే పనిని కపటముతోనో, మోసపు తలంపుతోనో చేసినచో 66వ సెక్షను క్రింద నేరమగును. దానికి శిక్ష మూడు సంవత్సరముల వరకు జైలు, లేదా ఐదు లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండును. పరుల పాస్‌వర్డును కపటముగా వాడుకొనుటకు 2008 సవరణచే చేరిన 66-సి సెక్షను మూడు సంవత్సరముల వరకు జైలును, లక్ష రూపాయల వరకు జరిమానాను విధించుచున్నది.

తోడ్పడుట అను మాటను శ్రోతలు మరువరాదు. "అల్లుడి ఫోన్ తెరిచిపెట్టు నాయనా", "పక్కింటివాళ్ళ వైఫై పట్టి ఇవ్వరా" అని బంధువులు అడిగినపుడు, డబ్బు పుచ్చుకొనలేదు గదా అని ఆ కుర్రవాడు తప్పించుకొనజాలడు. మారుతాళము చేయించుకొనిన వానితోపాటు చేసినవానిని కూడ చట్టము పిలుచును.

ఇతర దేశముల అనుభవము కూడ ఇదియే. జర్మనీ దేశమున 2007లో చొరబాటు సాధనములను తయారుచేయుటయే, పంచుటయే నేరమనునట్లు ఒక సెక్షనును చేర్చిరి. భద్రతా నిపుణులు కలవరపడి న్యాయస్థానమున కెక్కిరి. మంచికిని చెడుకును రెంటికిని పనికివచ్చు సాధనములు ఆ సెక్షనుకు లోబడవని 2009లో ఆ దేశపు రాజ్యాంగ న్యాయస్థానము స్పష్టపరచినది. కత్తి కూరలు తరుగుటకును పనికివచ్చునని పెద్దలన్నమాటయే అది.

అయితే మంచి తలంపు ఒక్కటే చాలునా? చాలదని అమెరికాలోని ఆరెగాన్ రాష్ట్రమున జరిగిన వ్యాజ్యము చెప్పుచున్నది. రాండల్ ష్వార్ట్జ్ పెర్ల్ అను కంప్యూటరు భాషపై గ్రంథములు వ్రాసిన ప్రసిద్ధుడు. ఇంటెల్ సంస్థలో కాంట్రాక్టుపై పనిచేయుచు, 1993లో అచ్చటి ఉద్యోగుల పాస్‌వర్డుల హాష్‌లపై క్రాక్ అను ప్రోగ్రామును నడిపెను. బలహీనమైన పాస్‌వర్డులను కనిపెట్టి చెప్పుటయే తన ఉద్దేశమని ఆయన వాదించెను. కాని ఆ పని చేయుమని ఎవరును ఆయనకు చెప్పియుండలేదు. 1995లో జ్యూరీ ఆయనను దోషిగా నిర్ణయించెను. పండ్రెండేండ్ల తరువాత, 2007లో, న్యాయస్థానము ఆ నేరముల నమోదును చెరపివేయునంతవరకు ఆ ముద్ర ఆయనను విడువలేదు. ఈనాడు సంస్థలు తమ పాస్‌వర్డులను తామే నిపుణులచే పరీక్ష చేయించుకొనుచున్నవి. పని అదే, ప్రోగ్రాములు ఆ కోవవే. మధ్యనున్నది సంతకము చేసిన అనుమతిపత్రము.

ఇక మన విద్వాంసుల యింటికి వత్తము. ఆ విద్యార్థిని మేము మూడు ప్రశ్నలడిగితిమి. ఈ తాళము ఎవరిది? తీయుటకు అనుమతి ఎవరిచ్చిరి? లోపలనున్నది ఎవరి సొత్తు? కంప్యూటరు విద్వాంసులది, ఇంటిలో ఉన్నది. వారసులు భార్యయు, ఇద్దరు కుమార్తెలును. ముగ్గురును ఒక కాగితముపై సంతకము చేసిరి. శిష్యుల పాటలు ఉన్నచో అవి వారికే అందజేయుదుమని అందులోనే వ్రాసిరి. అటుపిమ్మట ఆ యువకుడు తన యంత్రమును నడిపెను.

మూడు దినములు రేయింబవళ్ళు అక్షరములను వరుసగా మార్చుచు విసరినను తాళము రాలేదు. గది వేడెక్కెను, కరెంటు బిల్లు పెరుగునని ఇంటివారు గొణిగిరి. అపుడు విద్వాంసుల భార్య, "ఆయన దేనికైనా రాగం పేరే పెట్టేవారు. మా కుక్కపిల్లకి కూడా రాగం పేరే" అనిరి. విద్యార్థి డెబ్బదిరెండు మేళకర్తల పేర్లను, ప్రచారమునందున్న జన్యరాగముల పేర్లను ఆంగ్లాక్షరములలో ఎన్ని విధముల వ్రాయవచ్చునో అన్ని విధముల వ్రాసి, ప్రతిదాని వెనుకను నాలుగంకెలను చేర్చునట్లు పట్టిక సిద్ధపరచెను. ఆ రాత్రి గంట గడువకముందే మూట విడిపోయెను. రాగము పేరు మేము చెప్పము. వెనుకనున్న నాలుగంకెలు వారి వివాహ సంవత్సరము.

బలముతో మూడు దినములలో కానిది అలవాటు తెలిసినంతనే గంటలో అయినది. మనకు సంతోషము కలిగించిన ఈ కథలోనే మనకొక హెచ్చరికయు కలదు. దొంగలును ముందుగా ఇదే దారిని పోవుదురు. పిల్లల పేర్లు, ఇష్టదైవము పేరు, పుట్టిన తేది, అభిమాన నటుని పేరు, వాని వెనుక 123 అను అంకెలు: ఇవి వారి పట్టికలలో మొదటి పుటనుండును.

మూట విడిన ఉత్సాహములో ఆ యువకుడు, "బాబాయిగారి మెయిల్ కూడా తెరవనా?" అని అడిగెను. వలదంటిమి. మూట ఇంటిలోనిది, మెయిలు వేరొక సంస్థ కంప్యూటరులోనిది. అందు ఇతరులు నమ్మకముతో వ్రాసిన ఉత్తరములున్నవి. ఇంటివారి సంతకము ఆ గుమ్మమునకు చెల్లదు. మరణ ధ్రువపత్రముతో ఆ సంస్థకే దరఖాస్తు చేసికొనుట సరియైన మార్గమని చెప్పితిమి. అతడు కొంత నిరుత్సాహపడినను మాట వినెను.

శ్రోతలు తమ ఇండ్లలో చేయదగినవి నాలుగు కలవు. మొదటిది, పాస్‌వర్డు పొడవుగా ఉండవలెను. ఒకదానితో ఒకటి సంబంధము లేని ఆరు మాటలను పాచికలు వేసి యెన్నుకొనినట్లు యాదృచ్ఛికముగా ఏరి కూర్చుట మేలు. నోటికి వచ్చిన పద్యపాదమును వాడరాదు. అది దొంగకును వచ్చును. రెండవది, ఒకచోట పెట్టినది మరియొకచోట పెట్టరాదు. అన్నియు జ్ఞాపకముండవనువారు పాస్‌వర్డులను భద్రపరచు ప్రోగ్రామును వాడుకొనవచ్చును; ఇంటిలో దాచిన చిన్న నోటుపుస్తకమైనను, ఒకే పాస్‌వర్డును పదిచోట్ల వాడుటకంటె మేలు. మూడవది, బ్యాంకునకును మెయిలునకును పాస్‌వర్డుతోపాటు రెండవ పరీక్షను కూడ ఏర్పరచుకొనవలెను. నాలుగవది, వైఫైకి ఎనిమిదంకెల సంఖ్యను పెట్టరాదు. గాలిలోని సంకేతమును ఒకమారు పట్టినవాడు, పైన చెప్పిన కార్డుతో ఒక నిమిషములోపుననే దానిని కనుగొనగలడు.

వీనికి ఇంకొకటి చేర్చుదుము. దొంగకు అందకుండ దాచునది మనవారికి కూడ అందకుండ పోరాదు. గూగుల్ సంస్థ 2013లోనే, ఖాతా చాలకాలము కదలకున్నచో మనము ముందుగా పేర్కొనిన వ్యక్తికి సమాచారమును అందజేయు ఏర్పాటును ప్రవేశపెట్టినది. అది చేసికొనలేనివారికి కాగితమును కలమును కలవు.

విద్వాంసుల యింట ఆ పాటలు విన్న మరునాడు మేమును మా యింట ఒక కాగితముపై వ్రాయవలసినది వ్రాసి, కవరులో పెట్టి అంటించి, ఇంటి దస్తావేజులతోపాటు బీరువాలో ఉంచితిమి. కవరుమీద ఎవరు ఎప్పుడు విప్పవలెనో కూడ వ్రాసితిమి. చెవి ఎవరికి చెందవలెనో యజమానియే చెప్పియున్నచో, ఏ యంత్రమునకును పని ఉండదు, ఏ చట్టమునకును సందేహముండదు.